గొర్రెపాలు, మేకపాలు: శుభ్రత వేరు, క్షేమం వేరు

(రాయచోటి ప్రాంతపు రైతులు, గొర్రెల కాపరుల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసంగం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేసుకుందాము. ఈ బల్లమీద రెండు గాజు గొట్టాలు ఉన్నవి. ఒకదానికి ఎర్ర దారం, రెండవదానికి తెల్ల దారం కట్టినాను. రెండింటిలోను గొర్రెపాలే. ఒకే మందలోని గొర్రెలు, ఈ ఉదయం ఒకే వేళకు పిండిన పాలు. ఒక్కొక్క గొట్టంలో 10 మిల్లీలీటర్ల పాలు పోసి, మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు మందు నీళ్ళు 1 మిల్లీలీటరు కలిపినాను. ఇప్పుడు రెండూ ఒకే తీరుగా లేత నీలంగా కనబడుతున్నవి. వీటిని 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళున్న ఈ డబ్బాలో నిలబెడుతున్నాను. ముందు వరుసలో కూర్చున్న అక్కయ్యగారిని గడియారం చూస్తూ ఉండమని కోరుతున్నాను. అరగంట కాగానే నాకు చెప్పవలెను. అంతవరకు మన మాటలు మనం చెప్పుకుందాము.

నేను పైర్ల శాస్త్రం బోధించేవాణ్ణి. వేరుశనగకు ఎంత జిప్సం వేయవలెను, రాగి నారు ఎప్పుడు పోయవలెను అని చెప్పవలసినవాడు పాల సంగతి ఎత్తుకున్నాడేమని మీరు అనుకోవచ్చును. కాని మన మెట్ట ప్రాంతంలో పైరును, గొర్రెను విడదీసి చూడలేము. కోతలు అయిన తరువాత చేలల్లో మందలు కట్టించుకోవడం మనకు తాతల నాటి ఆచారం. గొర్రెలు రాత్రంతా చేలో పడుకుంటే వాటి పెంటిక, మూత్రం రెండూ నేలకే దక్కుతవి. ఈ ఎరువు సంగతి తెలుసుకొనడానికే నేను మందల వెంట తిరగసాగినాను. అట్లా తిరుగుతూ ఉండగా నాకు పాల సంగతి ఎదురైనది.

ఒకనాటి తెల్లవారుజామున ఒక మంద దగ్గర కాపరి నాకు చెంబుతో గుమ్మపాలు ఇచ్చినాడు. పొదుగునుంచి అప్పుడే దిగిన పాలు, ఇంకా వెచ్చగా ఉన్నవి, పైన నురుగు ఉన్నది. చేలోకి వచ్చిన అతిథికి అంతకంటె మర్యాద ఏమున్నది? నేను చెంబు అందుకొని, "కొంచెం కాచి ఇస్తారా?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు గాని, పక్కనే ఉన్న ఆయన ఇల్లాలి ముఖం చిన్నబోయినది. "మా పాలు అంత మురికివా సారూ?" అని అడిగినది. ఆనాడు నేను ఆమెకు సరిగా జవాబు చెప్పలేకపోయినాను. ఈనాటి ప్రసంగం ఆ జవాబే అనుకోండి.

పాలు ఎక్కడ చెడుతవి?

ఆరోగ్యంగా ఉన్న గొర్రె పొదుగునుంచి వచ్చే పాలు చాలావరకు శుభ్రంగానే ఉంటవి. ఒక మిల్లీలీటరులో, అనగా ఇంచుమించు 20 చుక్కలలో, సూక్ష్మక్రిములు కొన్ని వందలు మొదలు కొన్ని వేలవరకు మాత్రమే ఉండవచ్చును. పొదుగు దాటిన తరువాతనే అసలు కథ మొదలవుతుంది. పాలల్లో క్రిములు చేరే దారులు నాలుగు: పొదుగుకు అంటిన పెంటిక, దుమ్ము; పిండేవాని చేతులు; పాలు పట్టే పాత్ర; ఈగలు, గాలి. ఒక్క గ్రాము పేడలోనే కోట్లకొలది క్రిములు ఉంటవి. పెంటిక పొడి చిటికెడు పాలలో రాలితే చాలు, పొదుగులో ఉన్న శుభ్రత అక్కడితో సరి.

ఇక అయిదవది కాలం. పాలు మనకు ఆహారమైనట్లే క్రిములకూ ఆహారం. గొర్రె ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. మన రాయచోటి వేసవి ఎండ ఎట్లాంటిదో మీకు చెప్పనక్కరలేదు. ఆ వేడిలో పాల క్రిములు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతవని అనుకుందాము. మిల్లీలీటరుకు 10 వేల క్రిములతో మొదలైన పాలు రెండు గంటలలో 1 లక్షా 60 వేలకు, నాలుగు గంటలలో 25 లక్షల 60 వేలకు చేరుకుంటవి. అప్పుడే పిండిన పాలకు కొద్దిసేపు క్రిములను అడ్డుకునే స్వశక్తి ఉంటుంది గాని, వేడిలో అది ఎక్కువసేపు నిలవదు. పాత్ర సరిగా కడగక, మొదలే లక్ష క్రిములతో బయలుదేరిన పాలు నాలుగు గంటలకు ఏమవుతవో మీరే లెక్క వేసుకోండి.

ఇందులో చిక్కు ఏమంటే, ఈ లెక్క కంటికి కనబడదు. పాలు తెల్లగానే ఉంటవి. విరిగేదాకా, పులిసేదాకా నాలుకకు కూడా తెలియదు. లాక్టోమీటరు పాలలో నీళ్ళ సంగతి చెప్పగలదు గాని క్రిముల సంగతి చెప్పలేదు. అందుకే క్రిములను లెక్కించే పద్ధతులు, ప్రమాణాలు ఏర్పడినవి.

ప్రమాణాలు ఏమి చెబుతున్నవి?

మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థవారి 1479వ నంబరు ప్రమాణం, మూడవ భాగం, 1977లో వెలువడినది. పచ్చిపాలను అందులో నాలుగు తరగతులుగా విడదీసినారు. మిల్లీలీటరుకు 2 లక్షలకు మించకుండా క్రిములు ఉంటే చాలా మంచి పాలు. 2 లక్షల నుంచి 10 లక్షలవరకు మంచి పాలు. 10 లక్షల నుంచి 50 లక్షలవరకు ఒక మాదిరి పాలు. 50 లక్షలు దాటితే నాసి పాలు.

ఈ లెక్కకు ప్రయోగశాల, రెండు మూడు రోజుల వ్యవధి కావలెను. అందువల్ల పాల కేంద్రాలలో సులభంగా చేయడానికి నీలిరంగు పరీక్ష ఒకటి ఉన్నది. మన డబ్బాలో ఇప్పుడు జరుగుతున్నది అదే. క్రిములు పాలలోని ప్రాణవాయువును వాడుకుంటవి. ప్రాణవాయువు తరిగేకొద్దీ నీలిరంగు విరిగి, పాలు మళ్ళీ తెల్లబడుతవి. క్రిములు ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత త్వరగా పోతుంది. 5 గంటలు, ఆపైన రంగు నిలిస్తే చాలా మంచి పాలు; 3, 4 గంటలు నిలిస్తే మంచివి; 1, 2 గంటలు నిలిస్తే ఒక మాదిరివి; అరగంటలోనే రంగు పోతే నాసివి.

గొర్రెపాలను, మేకపాలను పెద్ద ఎత్తున వాడే దేశాలలో వీటికి ప్రత్యేకంగా హద్దులు పెట్టినారు. ఐరోపా సమాఖ్యవారి 2004వ సంవత్సరపు 853వ నంబరు నిబంధన ప్రకారం ఆవు పాలలో మిల్లీలీటరుకు లక్ష క్రిములు మించరాదు. గొర్రె, మేక వంటి ఇతర జీవాల పాలకు 15 లక్షలవరకు ఒప్పుకున్నారు. చిన్న జీవం, నేలకు దగ్గరగా ఉండే పొదుగు, ఒక్కొక్కదానినుంచి వచ్చేది కొద్దిపాటి పాలు; అనేక జీవాల పాలు కలిస్తే గాని పాత్ర నిండదు. అయితే ఆ పాలను వేడి చేయకుండా, పచ్చిగానే జున్నుగడ్డ వంటి పదార్థాలకు వాడదలచుకుంటే హద్దు 5 లక్షలకు తగ్గుతుంది. ఫ్రాన్సు దేశంలో రోక్‌ఫోర్ అనే పేరుగల జున్నుగడ్డను పచ్చి గొర్రెపాలతోనే చేస్తారు. వారు ఎంత నిఘాతో మందలను పరీక్షించి, ఎంత చలువలో పాలను దాచి ఆ పని చేస్తారో గుర్తుంచుకోవలెను. పచ్చిపాలు వాడే చోట ప్రమాణం సడలలేదు, బిగిసింది.

మన నెల్లూరు జాతి గొర్రెలు మాంసానికి పేరుపడినవే గాని పాలకు కాదు. మనం అమ్మేది పొట్టేళ్ళనే, పాలను కాదు. అయినా కాపరి కుటుంబం సంగటిలోకి, పిల్లలకు, ముసలివారికి ఈ పాలు వాడుతూనే ఉన్నది. మేకపాలకు ఇరుగుపొరుగువారు కూడా వస్తారు. గొర్రెపాలు చిక్కనివి, ఆవు పాలలో వెన్న 4 పాళ్ళ దగ్గర ఉంటే వీటిలో 6, 7 పాళ్ళు ఉంటుంది, మాంసకృత్తులు కూడా ఎక్కువ. ఇంతటి బలమైన ఆహారాన్ని చెడగొట్టుకోకుండా ఉండే ఉపాయం చూద్దాము.

పిండే పద్ధతి

మొదట చోటు. మంద పడుకున్న చోటనే, గొర్రెలు లేచి కదిలేటప్పుడే పాలు పిండితే పెంటిక దుమ్ము నేరుగా పాత్రలో పడుతుంది. దడికి అవతల, గాలి మందవైపు వీచేటట్లు చూసుకొని, నాలుగు బండలు పరచిన జాగాలోనో, నీళ్ళు చల్లి దుమ్ము అణచిన గట్టి నేలమీదనో పిండవలెను. చేలో మంద మారినప్పుడు ఈ జాగా కూడా మారుతుంది. బండలు దొరకకపోతే శుభ్రమైన పట్టా ఒకటి వెంట ఉంచుకోండి.

రెండవది గొర్రె. పొదుగు చుట్టూ, తొడల లోపల ఉన్న పొడుగు వెంట్రుకలను అప్పుడప్పుడు కత్తిరించండి. పొదుగు మురికిగా ఉంటే కొద్ది నీళ్ళతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. కడిగి తుడవకుండా వదలిపెట్టడం అసలు కడగకపోవడం కంటె చెరుపు. ఆ మురికినీళ్ళు చనుకట్టునుంచి నేరుగా పాలలోకి కారుతవి.

మూడవది మొదటి ధారలు. ప్రతి చనుకట్టునుంచి మొదటి రెండు మూడు ధారలను నల్లగుడ్డ కట్టిన చిన్న గిన్నెలోకి పిండండి. పలుకులు, గడ్డలు, నెత్తుటి చార కనబడితే అది పొదుగువాపు వ్యాధి. ఆ గొర్రె పాలు వేరుగా ఉంచి పారబోయండి, చివరన పిండండి, పశువైద్యునికి చూపించండి. పొదుగులోకి గాని, సూదితో గాని మందు ఇచ్చినప్పుడు వైద్యుడు చెప్పిన దినాలవరకు ఆ పాలు మనుషులు తాగకూడదు. మొదటి ధారలను నేలమీదకు పిండకండి. రోగక్రిములు మంద అంతటికీ అంటుతవి.

నాలుగవది చేతులు. గోళ్ళు తీసుకొని, సబ్బుతో కడిగి, తుడుచుకొని పిండవలెను. పాలు పిండేటప్పుడు వేళ్ళను మధ్య మధ్య పాలలో ముంచి తడుపుకునే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. చేతిమీద మురికినంతా పాలలో కడిగినట్లే అవుతుంది. పొడిచేతితో పిండడం పది దినాలలో అలవాటవుతుంది. చేతిమీద పుండు, సెగ్గడ్డ ఉన్నవారు ఆ దినాలలో పిండకూడదు. పుండులోని ఒక జాతి క్రిమి పాలలో విషం పుట్టిస్తుంది. పాలు కాచితే క్రిమి చస్తుంది గాని, ఆ విషం చావదు. తాగినవారికి కొద్ది గంటలలోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటవి. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. తరువాత ఎట్లాగూ కాస్తాము గదా అని ముందు మురికిగా పిండే వీలు లేదు.

అయిదవది పాత్ర. స్టీలు చెంబు, స్టీలు క్యాను మంచివి. మూతి చిన్నదైతే దుమ్ము తక్కువ పడుతుంది. చేయి లోపలికి పోయి తోమేటంత వెడల్పు మాత్రం ఉండవలెను. ఖాళీ అయిన మందుడబ్బాలు, చల్లపానీయాల ప్లాస్టిక్ సీసాలు పాలకు వాడకూడదు. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా సరే, పాల దగ్గరకు రానీయరాదు. పాత్రను మొదట చన్నీళ్ళతో కడగవలెను. ముందే వేడినీళ్ళు పోస్తే పాల పొర పాత్రకు అంటుకుపోతుంది. తరువాత వేడినీళ్ళు, చాకలి సోడాతో తోమి, మరుగుతున్న నీళ్ళు పోసి తిప్పి, తుడవకుండా ఎండలో బోర్లించవలెను. మన ఎండ మనకు ఖర్చులేని శుద్ధి యంత్రం. మట్టితో తోమడం మానుకోండి. వేడికి కూడా లొంగని క్రిముల గింజలు మట్టిలో ఉంటవి.

వడపోసే గుడ్డను కూడా ప్రతి దినం ఉడకబెట్టి ఎండవేయండి. వడపోత కంటికి కనబడే చెత్తను ఆపుతుంది, క్రిములను ఆపలేదు. చెత్త తీసేసినాము గనుక పాలు శుభ్రమైనవనుకోవడం పొరపాటు.

చివరకు ఒక మాట. పాలు పిండే హక్కు పిల్ల తరువాతనే మనది. ఈనిన మొదటి దినాల ముర్రుపాలు పిల్లకు పట్టవలెను. వ్యాధులను తట్టుకునే శక్తి దానికి ఆ పాలతోనే వస్తుంది. మిగిలినవే మనవి.

చల్లబరచడం

పిండిన పాలు ఒకటి రెండు గంటలలో ఇంటికి చేరి పొయ్యి ఎక్కేటట్లయితే చలువ గురించి అంత బాధ లేదు. మంద దూరపు చేలో ఉన్నప్పుడు చిక్కు వస్తుంది. అప్పుడు పాల క్యాను మూతపెట్టి, తడిగోనె చుట్టి, గాలి ఆడే చెట్టునీడన నీళ్ళతొట్టిలో నిలబెట్టండి. గోనెమీద అప్పుడప్పుడు నీళ్ళు చల్లండి. మన గాలిలో తేమ తక్కువ గనుక తడి త్వరగా ఆరుతుంది. ఆరుతూ వేడిని లాగివేస్తుంది. కొత్తకుండలో నీళ్ళు చల్లబడే కిటుకే ఇది. ఈ పద్ధతి 4 డిగ్రీల శీతలయంత్రానికి సమానం కాదు. కాని క్రిముల పెరుగుదలను కొంత మందగింపజేస్తుంది, కొంత సమయం సంపాదించి పెడుతుంది. సాయంత్రపు పాలలో ఉదయపు పాలు కలపకండి. చల్లని పాలలో వెచ్చని పాలు పోస్తే రెండూ చెడుతవి.

అరగంట అయినది

అక్కయ్యగారు చేయి ఎత్తినారు. గొట్టాలు చూద్దాము.

చూడండి. ఎర్ర దారం కట్టిన గొట్టంలో నీలం దాదాపు పోయి, పైన మాత్రం సన్నని వలయం మిగిలినది. తెల్ల దారం గొట్టం మొదట ఎట్లా ఉన్నదో అట్లాగే ఉన్నది. ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఒకే గొర్రెలు, ఒకే కాపరి, ఒకే వేళ. ఎర్ర దారంవి మామూలుగా రోజూ పిండేటట్లు పిండి, నిన్నటి పాత్రను చన్నీళ్ళతో తొలిచి అందులో పట్టి, ఇక్కడిదాకా ఎండలో తెచ్చినవి. తెల్ల దారంవి ఇప్పుడు నేను చెప్పిన తీరుగా పిండి, తడిగోనెలో తెచ్చినవి. ఆ కాపరి ఎవరో చెప్పను. అది ఆయన ఒక్కని తప్పు కాదు, మనమంతా చేసే పని. ఆయన తెల్లవారుజామున నా కోసం రెండు విధాలుగా పిండి, రెండు పాత్రలూ ఇచ్చినారు. ఆయనకు మీ అందరి తరఫున కృతజ్ఞతలు.

రెండు పాలకూ నడుమ ఉన్న తేడా ఒక సబ్బుబిళ్ళ, ఒక చెంబెడు మరిగిన నీళ్ళు, ఒక తడిగోనె.

ఇప్పుడు వెనుక వరుసలోని పెద్దాయన అడుగుతున్నారు: "అయితే సారూ, ఆ తెల్లదారం పాలు గుమ్మపాలుగా తాగొచ్చు గదా? మా తాత రోజూ తాగి ఎనబై ఏండ్లు బతికినాడు." మంచి ప్రశ్న. నా ప్రసంగమంతా ఈ ప్రశ్న కోసమే. జవాబు ఒక్క మాటలో చెబుతాను: తాగకూడదు.

నీలిరంగు చెప్పలేని సంగతి

నీలిరంగు పరీక్ష గాని, క్రిముల లెక్క గాని ఎన్ని ఉన్నవో చెబుతుంది. ఏవి ఉన్నవో చెప్పదు. మిల్లీలీటరుకు వెయ్యి క్రిములే ఉన్న పాలలో కూడా రోగక్రిములు ఉండవచ్చును. అవి చేతినుంచి, పాత్రనుంచి మాత్రమే రావు. వ్యాధిగల గొర్రె పొదుగులోనుంచి కూడా పాలతోబాటు వస్తవి. అట్టివానిలో మనం ముఖ్యంగా భయపడవలసినది బ్రూసెల్లా అనే క్రిమి.

దీని కథ మధ్యధరా సముద్రంలోని మాల్టా అనే చిన్న దీవిలో మొదలైనది. అక్కడి బ్రిటిషు సైనికులకు ఒక వింత జ్వరం వచ్చేది. తగ్గేది, మళ్ళీ తిరగబెట్టేది, నెలల తరబడి మనిషిని పీల్చివేసేది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరానికి కారణమైన క్రిమిని పట్టుకున్నాడు. అది ఎక్కడనుంచి వస్తున్నదో మాత్రం చాలా ఏండ్లు తెలియలేదు. 1905లో మాల్టా దేశస్థుడే అయిన థెమిస్టొక్లీస్ జమ్మిట్ అనే వైద్యుడు మేకల నెత్తురు పరీక్షించి, జబ్బు మేకలలో ఉన్నదని కనిపెట్టినాడు. ఆ మేకలు చూడడానికి ఆరోగ్యంగా ఉన్నవి. పాలు తెల్లగా, చిక్కగా ఉన్నవి. ఆ ఏడే మాల్టానుంచి మేకలను ఎక్కించుకొని బయలుదేరిన జాషువా నికల్సన్ అనే ఓడలో పచ్చిపాలు తాగిన నావికులలో అనేకులు ఆ జ్వరంతో పడిపోయినారు. 1906లో సైనికులకు పచ్చి మేకపాలు ఇవ్వడం మానిపించగా, వారిలో జ్వరం కొద్ది కాలంలోనే దాదాపు కనబడకుండా పోయినది. మందు కనిపెట్టలేదు, టీకా వేయలేదు. పచ్చిపాలు మానినారు, అంతే.

తాతగారు ఎనబై ఏండ్లు బతికినారంటే ఆయన మందలో ఆ జబ్బు లేదని అర్థం, లేదా ఆయన అదృష్టం. నేటి మంద ఒక్క చోటనే పుట్టి పెరిగినది కాదు. సంతలో కొన్న గొర్రె, వలసలో కలిసిన గొర్రె, పొరుగు జిల్లానుంచి తెచ్చిన పొట్టేలు అన్నీ అందులో ఉంటవి. తాతగారి ధైర్యాన్ని నేటి మందకు అరువు ఇవ్వలేము.

మందలో గుర్తులు, మనిషిలో గుర్తులు

మందలో ఈ జబ్బు ముఖ్యంగా చూలు నిలవకపోవడంగా కనబడుతుంది. నెలలు నిండకుండా గొర్రెలు ఈసుకుపోతవి. మాయ పడక నిలిచిపోవచ్చును. పొట్టేళ్ళకు వృషణాలు వాయవచ్చును. ఒక గొర్రె ఈసుకుపోతే ఎండదెబ్బ అనో, దెబ్బ తగిలిందనో అనుకోవచ్చును. వరుసగా రెండు మూడు ఈసుకుపోతే పశువైద్యునికి చెప్పి నెత్తురు పరీక్ష చేయించండి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఉత్తచేతులతో ముట్టకండి. చేతికి తొడుగులు లేకపోతే మందమైన ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోండి. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి. కుక్కలకు వేయకండి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను ఆ పనికి పంపకండి.

2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నివారణ పథకంలో ఈ వ్యాధికి 4 నుంచి 8 నెలల వయస్సుగల ఆవు, గేదె పెయ్యలకు టీకా ఏర్పాటు చేసినారు. ఆ టీకా పెయ్యల కోసం ఉద్దేశించినది. అది చూసి మన గొర్రెలకు, మేకలకు కూడా రక్షణ వచ్చినదని అనుకోకండి. మన మందకు రక్షణ మన జాగ్రత్తే: కొత్తగా కొన్న జీవాలను కొన్నాళ్ళు వేరుగా ఉంచడం, పరీక్ష చేయించడం, చూలు నిలవని జీవాన్ని చౌకగా వచ్చిందని కొనకపోవడం.

మనిషిలో గుర్తులు ఇవి: వచ్చి పోయే జ్వరం, రాత్రిళ్ళు ఒళ్ళంతా చెమట, నడుమునొప్పి, కీళ్ళనొప్పులు, నీరసం. మగవారికి కొందరికి వృషణాలు వాస్తవి. పాలు తాగిన వారాల తరువాత ఇవి మొదలుకావచ్చును గనుక పాలకూ జ్వరానికీ ముడి ఉన్నదని మనకు తట్టదు. మలేరియా అని, టైఫాయిడ్ అని మందులు మింగుతూ నెలలు గడిచిపోతవి. అందువల్ల జ్వరం విడవకపోతే వైద్యునితో మీరే చెప్పండి: "అయ్యా, మాకు గొర్రెలు ఉన్నవి, పచ్చిపాలు తాగినాము, ఈసుకుపోయిన గొర్రెను ముట్టినాము." ఈ ఒక్క మాట ఆయనకు సగం దారి చూపిస్తుంది.

ఈ జబ్బుకు మందు ఉన్నది. డాక్సీసైక్లిన్‌ను మరొక మందుతో కలిపి, సాధారణంగా ఆరు వారాలు వైద్యుని సలహాతో వాడవలెను. జ్వరం తగ్గినదని నడుమ మానితే తిరగబెడుతుంది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ జాతి మందు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో వెలువడినది. అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మందు ఉన్నదన్న ధైర్యంతో రోగం తెచ్చుకోవడం మాత్రం తెలివి కాదు.

కాచడం ఎట్లా?

పెద్ద పాలకేంద్రాలలో పాలను 63 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు గాని, 72 డిగ్రీలలో 15 సెకండ్లు గాని ఉంచి చల్లబరుస్తారు. ఇంట్లో ఉష్ణమాపకం పెట్టుకోనక్కరలేదు. పాలు అడుగునుంచి కలియబెడుతూ బాగా ఒక పొంగు రానిచ్చి, మంట తగ్గించి మరి రెండు మూడు నిమిషాలు మరగనిస్తే చాలును. గొర్రెపాలు చిక్కనివి గనుక అడుగంటుతవి. కలియబెట్టకపోతే అడుగు మాడుతుంది, పైభాగం సరిగా కాగదు. కాగిన గిన్నెలోనే మూతపెట్టి ఉంచండి. పచ్చిపాల చెంబులోకి తిరిగి పోయకండి. పచ్చిపాలలో ముంచిన గరిటెను ఇందులో పెట్టకండి.

పెరుగు తోడు పెట్టేది కాచిన పాలలోనే. పులుపుకు రోగక్రిములు చస్తవని నమ్మి పచ్చిపాలను తోడుపెట్టరాదు. నెయ్యి మరగకాచినది గనుక దానితో బెంగ లేదు. ముర్రుపాలతో జున్ను చేసినప్పుడు నడుమ భాగం కూడా బాగా ఉడికేటట్లు చూడండి.

తల్లులకు ఒక మాట. మేకపాలు బిడ్డకు చలువ అనీ, తేలిక అనీ ఉగ్గుగిన్నెతో పట్టే అలవాటు ఉన్నది. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలే చాలును. వేరే పాలు, నీళ్ళు కూడా అక్కరలేదు. ఏడాది నిండేవరకు మేకపాలను తల్లిపాలకు బదులుగా వాడకండి. రక్తం పట్టడానికి కావలసిన ఒక విటమిన్ అందులో బాగా తక్కువ. తల్లికి పాలు చాలవనిపిస్తే వైద్యుణ్ణి అడగండి. పసిబిడ్డకు, గర్భిణికి, ముసలివారికి పచ్చిపాలు ఏ జీవానివైనా వద్దు.

చివరి మాట

ఈ రెండు గొట్టాలు మనకు చెప్పినది ఇది. శుభ్రంగా పిండడం ఒక పని, కాచడం మరొక పని. ఒకటి చేసినాము గదా అని రెండవది మానకూడదు. మురికిగా పిండి కాచితే కొన్ని విషాలు మిగులుతవి. పాలు రుచి చెడి, త్వరగా విరుగుతవి. శుభ్రంగా పిండి పచ్చిగా తాగితే జబ్బు గొర్రె జబ్బు మన ఇంటికి వస్తుంది. చేయి, చెంబు, చలువ మన శ్రద్ధకు గుర్తు. పొయ్యి మన క్షేమానికి కాపలా.

ఆనాడు నన్ను అడిగిన ఆ అక్కకు నా జవాబు ఇది: "అమ్మా, మీ పాలు మురికివి కావు. మీ చేయి శుభ్రమైనదే. కాని గొర్రె లోపల ఏమున్నదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియని దానికే పొయ్యి." అతిథికి కాచిన పాలు ఇవ్వడం మర్యాద తగ్గించడం కాదు, ఇంటి పిల్లవానికి ఇచ్చిన జాగ్రత్తనే బయటివానికీ ఇవ్వడం. రేపటినుంచి మీ ఇండ్లలో ఎవరైనా గుమ్మపాలు అడిగితే, "ఒక పొంగు రానీయండి, ఇస్తాము" అని చెప్పండి. నేను మీ చేలకు వచ్చినప్పుడు నాకూ అట్లాగే ఇవ్వండి. సంతోషంగా తాగుతాను.

ఇక ఈ గొట్టాలలోని పాలు రంగు కలిసినవి గనుక గుంటలో పారబోస్తాను. తెల్ల దారం గొట్టం ఇంకా నీలంగానే ఉన్నది, దగ్గరకు వచ్చి చూడండి. ప్రశ్నలుంటే అడగండి.